కలిసి పనిచేయడానికి అయ్యే ఖర్చు: ఆరోగ్య పరిశోధన గ్రాంటుల రూపకల్పనపై ప్రసంగం

సభాధ్యక్షులకు, పరిశోధకులకు, నిధుల సంస్థల తరఫున వచ్చిన అధికారులకు నమస్కారం.

నాకిచ్చిన విషయం జాతీయ స్థాయి సహకారాన్ని ప్రోత్సహించే ఆరోగ్య పరిశోధన గ్రాంటుల రూపకల్పన. ఇందులో ‘ప్రోత్సహించే’ అన్న మాట దగ్గరే నాకు చిన్న పేచీ ఉంది. పరిశోధకులు కలిసి పనిచేయకపోవడానికి కారణం వారికి మనసు లేకపోవడమేనని ఆ మాట చెప్పకనే చెబుతుంది. దరఖాస్తులు రాసిన రోజుల్లోనూ, ఆ తరువాత సమీక్షా సంఘాల్లో కూర్చున్న రోజుల్లోనూ నేను చూసింది వేరు. కలిసి పనిచేయాలన్న కోరిక చాలామందికి ఉంది. అలా పనిచేయడానికి పట్టే సమయానికి, అయ్యే ఖర్చుకు, దక్కాల్సిన పేరుకు మాత్రం గ్రాంటులో చోటు ఉండదు. ఈ గంటసేపు నేను మాట్లాడబోయేది ఆ చోటు గురించే.

ఒక సంఘటనతో మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం ఒక పథకం కింద వచ్చిన దరఖాస్తును సమీక్షిస్తున్నాను. దానికి ఆరు ఆసుపత్రుల మద్దతు లేఖలు జతచేసి ఉన్నాయి. లెటర్‌హెడ్లు వేరు, సంతకాలు వేరు. లోపలి పేరా మాత్రం ఆరింటిలోనూ ఒక్కటే. పోలిక ఎంతవరకు వెళ్లిందంటే, వ్యాధి పేరులో దొర్లిన అచ్చుతప్పు కూడా ఆరింటిలోనూ అదే అక్షరం దగ్గర ఉంది. బడ్జెట్ పట్టిక తిప్పి చూస్తే, ఆ ఆరు ఆసుపత్రులకూ కలిపి కేటాయించింది మొత్తంలో పదో వంతు కూడా లేదు. నాతో కూర్చున్న సమీక్షకులు దరఖాస్తుదారు మీద కోప్పడ్డారు కానీ నాకు కోపం రాలేదు. పథకం నియమావళిలో ‘కనీసం ఐదు సంస్థలు భాగస్వాములై ఉండాలి’ అని ఉంది. మనం పేర్లు అడిగాం, ఆయన పేర్లు ఇచ్చారు.

ఇన్ని సంస్థలు కలవాల్సిన అవసరం అసలు ఎందుకొస్తుందన్నది ముందు చూద్దాం. ఎందుకంటే ప్రతి ప్రశ్నకూ సహకారం అక్కర్లేదు. ఒక ప్రోటీన్ నిర్మాణాన్ని తేల్చడానికి ఒక మంచి ప్రయోగశాల చాలవచ్చు. రోగుల చికిత్సకు సంబంధించిన ప్రశ్నల సంగతి అలా కాదు. ఒక వ్యాధిలో 100 మందిలో 10 మంది మరణిస్తున్నారనుకుందాం. కొత్త మందు ఆ 10ని 8కి తగ్గిస్తుందా అన్నది మన ప్రశ్న. మందు నిజంగానే అంత పనిచేస్తే ఆ సంగతి 80 శాతం అవకాశంతో బయటపడాలంటే, సాధారణ గణాంక సూత్రాల ప్రకారం మందు ఇచ్చిన, ఇవ్వని రెండు గుంపుల్లోనూ కలిపి సుమారు 6,400 మంది రోగులు కావాలి. ఒక పెద్ద ఆసుపత్రి ఏడాదికి 100 మందిని చేర్చగలిగినా, ఒంటరిగా ఆ పని ముగించడానికి 64 ఏళ్లు పడుతుంది. 64 ఆసుపత్రులు కలిస్తే ఏడాదిలో తేలిపోతుంది. వైద్యంలో మనకు దక్కే మేలు చాలావరకు ఇలాంటి చిన్న మేలే. 10 నుంచి 8కి తగ్గడం చిన్నదే అయినా, ఆ వ్యాధి లక్షల మందికి వచ్చేదైతే ఆ రెండు ప్రాణాలు వేలకు వేలవుతాయి.

ఈ లెక్కను ఆచరణలో పెట్టి చూపినవారిలో ఇటలీ హృద్రోగ వైద్యులు ముఖ్యులు. గిస్సీ అన్న పేరుతో వారు చేసిన ట్రయల్‌లో 176 కరోనరీ కేర్ యూనిట్లు, అంటే గుండె రోగుల ప్రత్యేక వార్డులు, పాల్గొన్నాయి. 17 నెలల్లో 11,806 మంది గుండెపోటు రోగులను చేర్చి, రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మందు ఇచ్చినవారిలో 21 రోజుల మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయని 1986లో ప్రకటించారు. పాల్గొన్న యూనిట్లన్నీ పేరుమోసిన పరిశోధనా కేంద్రాలు కావు. మామూలుగా రోగులను చూసే ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. రెండేళ్ల తరువాత, 1988లో వెలువడిన ఐసిస్-2 ట్రయల్ 417 ఆసుపత్రుల నుంచి 17,187 మందిని చేర్చుకుని, ఆస్పిరిన్ గుండెపోటు మరణాలను తగ్గిస్తుందని నిరూపించింది. రోగిని ట్రయల్‌లో చేర్చడానికి వైద్యుడు చేయాల్సిన పనిని నిర్వాహకులు ఆక్స్‌ఫర్డ్‌లోని తమ కార్యాలయానికి ఒక ఫోను చేసేంతకు కుదించారు. ఈ ట్రయల్స్ విజయానికి శాస్త్రం ఎంత కారణమో, పాల్గొనేవారి మీద పెట్టిన బరువు అంత తక్కువగా ఉండటమూ అంతే కారణమని నా అభిప్రాయం. నలభై పేజీల ఫారం నింపమని అడిగి ఉంటే ఆ 417 ఆసుపత్రుల్లో ఎన్ని మిగిలేవో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు దీనికి రెండో పక్క కూడా చెప్పాలి. సంస్థల సంఖ్య పెరిగితే ఫలితం దానంతటదే పెరగదు. జొనథన్ కమింగ్స్, సారా కీస్లర్ అన్న పరిశోధకులు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులిచ్చిన 491 ప్రాజెక్టులను పరిశీలించి 2007లో ఒక విషయం వెల్లడించారు. పాల్గొనే విశ్వవిద్యాలయాలు పెరిగేకొద్దీ సమన్వయానికి చేసే పనులు తగ్గాయి, ఫలితాలూ తగ్గాయి. మన పెద్దలు ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నది ఇందుకే. అందరిదీ అయిన గొర్రెకు మేత ఎవరు వేయాలో ఎవరూ రాసిపెట్టుకోలేదు. గ్రాంటు పత్రం చేయాల్సిన మొదటి పని ఆ రాసిపెట్టడమే.

అందుకని దరఖాస్తుకు ముందు దశ నుంచి మొదలుపెడదాం. చాలా పథకాల్లో ప్రకటన వెలువడిన నాటి నుంచి గడువు దాకా ఆరేడు వారాలు ఉంటాయి. ఒకరినొకరు ఎరుగని పదిహేను కేంద్రాలు ఆ వ్యవధిలో ఒక ప్రశ్న మీద, అధ్యయనం ఎలా నడవాలో రాసిన ఒక ప్రోటోకాల్ మీద, డబ్బు పంపకం మీద నిజాయితీగా ఒక మాటకు రావడం అయ్యే పని కాదు. అప్పటికే స్నేహితులైనవారే కలుస్తారు, లేదంటే నేను చెప్పిన లాంటి లేఖలు పుడతాయి. దీనికి మందు ఎప్పటి నుంచో తెలిసిందే. ముందు రెండు పేజీల ఆలోచనను మాత్రం అడిగి, బాగున్నవాటికి ఆరు నెలలకో ఏడాదికో సరిపడే చిన్న ప్రణాళికా గ్రాంటు ఇచ్చి, ఆ తరువాతే పూర్తి దరఖాస్తు అడగాలి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఆర్34 పేరుతో ఇచ్చేది ఇలాంటి ప్రణాళికా గ్రాంటే. ఆ డబ్బుతో జరగాల్సిన పనుల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఒకటుంది. ప్రతి కేంద్రంలోనూ ఒక నెలపాటు అర్హులైన రోగులు నిజంగా ఎందరు వస్తున్నారో రిజిస్టర్ పెట్టి లెక్కించాలి. వైద్యుణ్ని అడిగితే ‘నెలకు ముప్పై మంది వస్తారు’ అంటారు. అది అబద్ధం కాదు. ఆయనకు గుర్తున్నవారు ముప్పై మంది. వయసు, ఇతర జబ్బులు, వాడుతున్న మందులు అన్నీ చూసి జల్లెడ పడితే ఆరుగురు మిగలవచ్చు. ప్రణాళికా దశలోనే ఈ సంగతి తేలి, ప్రాజెక్టు వద్దని జట్టే వెనక్కి తగ్గితే, దాన్ని నిధుల సంస్థ వైఫల్యం కింద రాసుకోకూడదు. చిన్న ఖర్చుతో పెద్ద నష్టం తప్పిందని లెక్కవేసుకోవాలి.

ఇక బడ్జెట్. భాగస్వామ్య కేంద్రాలకు చెల్లించే పద్ధతుల్లో ఎక్కువగా కనిపించేది ‘చేరిన ప్రతి రోగికి ఇంత’ అన్నది. పైకి న్యాయంగానే ఉంటుంది. కానీ ఏడాదికి ఎనిమిది మందిని చేర్చగల చిన్న ఆసుపత్రి పరిస్థితి చూడండి. సమ్మతి పత్రం వివరించడానికి, నమూనాలు సరైన ఉష్ణోగ్రతలో పంపడానికి, మూడో నెల పరీక్షకు రాని రోగికి ఫోను చేయడానికి ఒక రీసెర్చ్ నర్సు కావాలి. ఎనిమిది మంది రోగుల మీద వచ్చే సొమ్ముతో ఆమెకు రెండు నెలల జీతం కూడా ఇవ్వలేరు. రోగి చేరాకే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే గానీ రోగిని చేర్చే మనిషి దొరకదు. దాంతో ఆ ఆసుపత్రి పేరు దరఖాస్తులో ఉంటుంది, రోగుల పట్టికలో సున్నా ఉంటుంది. క్రమంగా భారం పెద్ద బోధనాసుపత్రుల మీద పడుతుంది. ఫలితాలూ వాటికి వచ్చే రోగుల ఫలితాలే అవుతాయి. దూరప్రాంతాల రోగులు వయసులో, పోషణలో, వ్యాధి ముదిరిన స్థాయిలో వేరుగా ఉండవచ్చు. ఆ మందు వారిలో ఎలా పనిచేస్తుందో ఆ అధ్యయనం చెప్పలేదు.

నా సూచన ఏమిటంటే, మొదటి ఏడాది ప్రతి కేంద్రానికీ ఒక మనిషి జీతానికి సరిపడే స్థిర మొత్తం ఇవ్వాలి. చిన్న కేంద్రాలు రెండు మూడు పక్కపక్కనే ఉంటే ఒక నర్సును పంచుకోవచ్చు. రెండో ఏడాది నుంచి కొంత మొత్తాన్ని పనికి ముడిపెట్టవచ్చు గానీ, ఆ పనిని చేరిన రోగుల సంఖ్యతో మాత్రమే కొలవకూడదు. చేరినవారిలో ఎంతమందిని చివరిదాకా అనుసరించారు, డేటాలో సందేహం అడిగినప్పుడు ఎన్నాళ్లకు జవాబిచ్చారు అన్నవి కూడా లెక్కలోకి రావాలి. సంఖ్యకే డబ్బిస్తే అర్హత లేనివారు కూడా చేరిపోతారు. తప్పును కనిపెట్టేది మూడో ఏడాదిలో.

అన్ని కేంద్రాల పనినీ కలిపి నడిపే సమన్వయ కేంద్రం ఖర్చు గురించి మాట్లాడితే చాలామంది సమీక్షకులు ముఖం చిట్లిస్తారు. ప్రాజెక్టు మేనేజరు, డేటా మేనేజరు, గణాంక నిపుణుడు, కేంద్రాల పర్యవేక్షణకు ప్రయాణ ఖర్చులు, ఇవన్నీ వారికి ‘పరిశోధన కాని ఖర్చు’లా కనిపిస్తాయి. గతంలో నేనూ అలాంటి గడులను కోసేసినవాణ్నే. ఒకసారి అలా కోసిన ప్రాజెక్టు మూడేళ్ల తరువాత మళ్లీ మా ముందుకు వచ్చింది, గడువు పొడిగించమని. అప్పటిదాకా పన్నెండు కేంద్రాల డేటాను కలుపుతున్నది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని, తన సిద్ధాంత వ్యాసాన్ని పక్కనపెట్టి. ఆ తరువాత నేను ఆ గడిని కోయలేదు.

డేటా సంగతి కొంచెం దగ్గరగా చూపించాలి, ఎందుకంటే సహకారం కాగితం మీద ఉందో నేల మీద ఉందో తేలేది ఇక్కడే. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్‌ను ఒక కేంద్రం డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తుంది, ఇంకొకటి లీటరుకు మైక్రోమోల్‌లలో రాస్తుంది. మొదటి చోట 1.2 అన్నది రెండో చోట 106 అవుతుంది. ఇది సులువైన చిక్కు, 88.4తో గుణిస్తే సరిపోతుంది. అసలైన చిక్కు ‘ఆసుపత్రికి వచ్చిన సమయం’ లాంటి గడిలో ఉంటుంది. ఒక చోట ద్వారం దగ్గరి రిజిస్టర్‌లో ఎక్కిన సమయం రాస్తారు, ఇంకొక చోట వార్డులో మంచం ఇచ్చిన సమయం, మరో చోట డాక్టరు కేస్ షీటు తెరిచిన సమయం. మూడూ గడియారం చూసి రాసినవే, మూడూ నిజమే. కానీ స్ట్రెప్టోకైనేజ్ మేలు ఛాతీనొప్పి మొదలైన ఎన్ని గంటల్లో మందు పడిందన్న దాని మీద ఆధారపడి ఉంటుందని గిస్సీలోనే తేలింది. అలాంటి అధ్యయనంలో ఈ మూడు సమయాలనూ ఒకే వరుసలో పేర్చితే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు. వీటిని కలిపే గుణకం ఏదీ లేదు. కాబట్టి ప్రతి గడికీ నిర్వచనం రాసిన ఉమ్మడి డేటా నిఘంటువు సిద్ధమయ్యాకే రెండో విడత నిధులు విడుదల చేస్తామన్న షరతు నాకు ఇష్టం. నేను సమర్థించే షరతులు చాలా తక్కువ, వాటిలో ఇది ఒకటి.

డేటా ఎవరిదన్న ప్రశ్న కూడా అప్పుడే తేల్చుకోవాలి. మనిషి డీఎన్ఏ మొత్తాన్ని చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టులో పాల్గొన్నవారు 1996లో బెర్ముడాలో సమావేశమై, నిర్ణీత నిడివి దాటిన డీఎన్ఏ క్రమాలను 24 గంటల్లోగా అందరికీ అందుబాటులో పెట్టాలని ఒప్పుకున్నారు. రోగుల సమాచారానికి అంత వేగం కుదరదు, కుదరకూడదు కూడా. గోప్యత ఉంది, సమ్మతి ఉంది. అయినా అక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఫలితాలు చేతికి రాకముందే, ఎవరి దగ్గర ఏముందో తెలియకముందే ఒప్పందం చేసుకున్నారు. మంచి ఫలితం వచ్చాక కూర్చుంటే ఆ ఒప్పందం కుదరదు. ఏ కేంద్రానికి తన రోగుల డేటా మీద ఏ హక్కు ఉంటుంది, ఉప విశ్లేషణకు ఎవరు ఎవరిని అడగాలి, అడిగితే ఎన్ని వారాల్లో జవాబివ్వాలి అన్నవి గ్రాంటుకు జతచేసిన ఒప్పందంలోనే ఉండాలి.

పేరు విషయానికి వస్తాను. గిస్సీ ఫలితాలు వ్యక్తుల పేరుతో కాక బృందం పేరుతో వెలువడ్డాయి. అది ఉదాత్తమైన పద్ధతే. కానీ అలాంటి ట్రయల్‌లో ముప్పై మంది రోగులను చేర్చిన యువ వైద్యురాలు రేపు పదోన్నతి కమిటీ ముందు నిలబడితే, ‘మొదటి రచయితగా మీ వ్యాసాలు ఎన్ని?’ అని అడుగుతారు. నిధుల సంస్థ పదోన్నతి కమిటీలను మార్చలేదు. తన చేతిలో ఉన్నదాన్ని మాత్రం మార్చగలదు. ఎన్ఐహెచ్ 2007 నాటికి ఒకే గ్రాంటుకు ఒకరి కంటే ఎక్కువ మంది ప్రధాన పరిశోధకులు ఉండటానికి వీలు కల్పించింది. అందుకు నాయకత్వ బాధ్యతలను ఎలా పంచుకుంటారో, విభేదాలు వస్తే ఎలా తేల్చుకుంటారో రాసివ్వమంటుంది. ఇలాంటి వీలు లేని చోట ‘సహ పరిశోధకుడు’ అన్నది మర్యాద పదవిగానే మిగులుతుంది. దానితో పాటు, రచనా సహకారాన్ని 14 పాత్రలుగా విడదీసే క్రెడిట్ వర్గీకరణను తుది నివేదికలో తప్పనిసరి చేయవచ్చు. తరువాతి దరఖాస్తుల్లో ఆ పాత్రలకు మార్కులు వేస్తామని సమీక్షకులకు ఇచ్చే సూచనల్లో రాయవచ్చు. రోగులను చేర్చడం, డేటాను శుభ్రం చేయడం మార్కులు వచ్చే పనులని తెలిస్తే ఆ పనులకు మనుషులు దొరుకుతారు.

రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీల అనుమతుల గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ అనుభవం ఉంది. ఇరవై కేంద్రాలుంటే ఇరవై కమిటీలు, ఇరవై రకాల సవరణలు, చివరికి ఇరవై సమ్మతి పత్రాలు. ఒకే ప్రోటోకాల్‌తో పలు కేంద్రాల్లో జరిగే, తన నిధులతో నడిచే దేశీయ అధ్యయనాలకు ఒకే కమిటీ సమీక్ష ఉండాలని ఎన్ఐహెచ్ 2018 జనవరి 25 నుంచి నియమం పెట్టింది. ఒకే కమిటీ సమీక్షను అనుమతించడం వేరు, ఇలా నిధులకు షరతుగా పెట్టడం వేరు. స్థానిక కమిటీకి స్థానిక పరిస్థితులపై మాట చెప్పే హక్కు ఉండాలి. ప్రోటోకాల్‌ను తిరగరాసే పని ఉండకూడదు.

గ్రాంటు నడుస్తుండగా డబ్బును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలు చాలా పథకాల్లో ఉండదు. ఒక చోట ప్రధాన వైద్యుడు బదిలీ అయి పని ఆగిపోతుంది, ఇంకొక చోట అనుకున్న దానికి రెట్టింపు రోగులు వస్తుంటారు. మొదటి చోట సొమ్ము ఖర్చుకాక ఆర్థిక సంవత్సరం చివర మురిగిపోతుంది, రెండో చోట నర్సును పెట్టుకోవడానికి సొమ్ము ఉండదు. సమన్వయ కేంద్రానికి, నడిపించే కమిటీ ఆమోదంతో, నిధుల్లో ఒక భాగాన్ని కదిలించే అధికారం ఇస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. ఇక్కడ పెద్ద సంస్థలు తమ వైపే లాక్కుంటాయన్న భయం న్యాయమైనదే. అందుకే ఆ కమిటీలో చిన్న కేంద్రాలకు ఓట్లు ఉండాలి, అధ్యక్షుడు బయటివారై ఉండాలి.

సమీక్షలో ఒక ఇబ్బందిని ఎవరూ ముందుగా ఊహించరు. దేశంలో ఆ వ్యాధి మీద పనిచేసే వారందరూ ఒకే జట్టులో చేరితే, ఆ దరఖాస్తును సమీక్షించడానికి సంబంధం లేని నిపుణుడు దేశంలో మిగలడు. పథకం ఎంత విజయవంతమైతే ఈ ఇబ్బంది అంత ముదురుతుంది. విదేశీ సమీక్షకులను, పక్క రంగాల గణాంక నిపుణులను ముందే సిద్ధం చేసుకోవాలి. అలాగే ఒకే ప్రశ్నతో రెండు జట్లు వస్తే మెడలు వంచి కలపాలని చూడకూడదు. ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ప్రయాణ ఖర్చులిచ్చి, నిర్ణయం వారికే వదిలేయడం మేలు. బలవంతంగా కలిపిన జట్లలో రెండు ప్రోటోకాళ్లు ఒకే అట్ట కింద నడవడం నేను చూశాను.

కోవిడ్ కాలం వీటన్నిటినీ ఒకేసారి పరీక్షకు పెట్టింది. బ్రిటన్‌లో కోవిడ్ చికిత్సలను పరీక్షించిన రికవరీ ట్రయల్ 2020 మార్చి 19న మొదటి రోగిని చేర్చుకుంది. జూన్ 16 నాటికి 175కు పైగా ఆసుపత్రుల నుంచి 11,500 మందికి పైగా చేరారు. ఆ రోజే, వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో డెక్సామెథసోన్ అన్న స్టెరాయిడ్ మందు మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని ప్రకటించారు. మూడు నెలల్లో అది సాధ్యమైందంటే, అక్కడ ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ఆర్ 2006 నుంచీ ఆసుపత్రుల్లో రీసెర్చ్ నర్సుల జీతాలు చెల్లిస్తూ ఒక వలయాన్ని (నెట్‌వర్క్‌ను) నిలబెట్టి ఉంచడం అందుకు పెద్ద కారణం. భారతదేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ప్లాసిడ్ ట్రయల్‌ను 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో నడిపి, కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఎక్కించడం వల్ల వ్యాధి ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని ఆ ఏడాదే తేల్చింది. పనిచేయదని తేల్చడం కూడా అంతే విలువైన జవాబు. మరో వైపు, అప్పట్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఉన్న జానెట్ వుడ్‌కాక్, కెవిన్ బుగిన్ 2021లో కోవిడ్ చికిత్సల ట్రయల్స్‌లోని 2,895 విభాగాలను, అంటే ఒక్కో చికిత్సను పరీక్షించే గుంపులను, పరిశీలిస్తే, ఎవరికి ఏ చికిత్సో చీటీ వేసినట్టు నిర్ణయించే యాదృచ్ఛిక పద్ధతిలో, జవాబు చెప్పగలిగేంత మంది రోగులతో జరిగినవి సుమారు 5 శాతమే. మిగిలినవాటిలో పాల్గొన్న రోగులు కూడా సమ్మతి పత్రం మీద సంతకం పెట్టినవారే. వారు తమ వల్ల ఏదో తెలుస్తుందన్న నమ్మకంతో పెట్టారు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టినవారికి, బావి ముందే ఉన్నవారికి ఉన్న తేడా అది. అయితే ఐదేళ్ల గ్రాంటు బావిని తవ్వి, ఆరో ఏడాది పూడ్చేస్తుంది. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో తుది నివేదిక ఇచ్చిన నెలలోనే పద్నాలుగు కేంద్రాల నర్సుల ఒప్పందాలు ముగిశాయి. ఏ ఆసుపత్రిలో ఏ గుమస్తాను అడిగితే పాత కేస్ షీటు దొరుకుతుందో, ఏ ప్రయోగశాల శనివారం నమూనాలు తీసుకోదో తెలిసినవారు వాళ్లే. ఏడాది తరువాత అదే జట్టుకు కొత్త గ్రాంటు వచ్చింది, పద్నాలుగు మందిలో ఇద్దరు తిరిగి వచ్చారు. కాబట్టి నా చివరి సూచన చిన్నది, డబ్బుతో కూడినది. పని బాగా చేసిన వలయానికి, కొత్త ప్రశ్న ఏదీ అడగకుండా, ఆ మనుషుల జీతాలకు మాత్రం సరిపడే ఏడాది వారధి నిధిని ప్రతి బహుళ కేంద్ర గ్రాంటు చివర ముందే కేటాయించి ఉంచండి. దాన్ని ఎలా అడగాలో, ఎవరు మంజూరు చేయాలో రాసిన ముసాయిదా ఒకటి నా దగ్గర ఉంది. అధికారులు కోరితే విరామంలో దాని మీద కూర్చుని మాట్లాడుకుందాం.